బొంగురుపోయిన ఫైర్ సైరన్

చెన్నై అంబత్తూరులో మా వర్క్‌షాప్ మీది పాత మోటారు సైరన్ కూత బాగా దిగిపోయింది. లోపలి చక్రం గాలిని తెంపుతూ తిరిగితేనే ఆ మోత, కాబట్టి కూత దిగిందంటే వేగం తగ్గినట్టే. విప్పితే, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, అవి ఒరుసుకునే రాగి చుట్టు, అంటే కమ్యుటేటర్, నల్లబడింది, బేరింగ్ గరగర.

బేరింగ్‌ది టెన్షన్ లేదు. మీద 6202 అని ఉంది: లోపల 15, బయట 35, మందం 11 మిల్లీమీటర్లు. ఏ కంపెనీదైనా పడుతుంది. బ్రష్‌లే దొరకలేదు. చివరికి చెన్నైలోనే ప్యారీస్ కార్నర్‌లో మోటార్ల కొట్టు నెల్లూరాయన కాస్త పెద్దవి ఇచ్చి, "అరగదీసుకో తమ్ముడూ, హోల్డర్‌లో జారాలి, ఊగకూడదు" అన్నాడు. ధర మాత్రం తగ్గించలేదు!

కమ్యుటేటర్‌ను సన్న శాండ్‌పేపర్‌తో రుద్దాను. ఎమరీ కాగితం వాడొద్దు, దాని పొడి కరెంటును పోనిస్తుంది. కొత్త బ్రష్‌లు ఒరుసుకునేదాకా కాసేపు నిప్పురవ్వలు వచ్చాయి, తర్వాత తగ్గాయి.