సంగీత నాటకం చూద్దాం – 3వ పాఠం: ముంబయిలో ఏ ఆట ఎంచుకోవాలి?

మరాఠీ పత్రికలో నాటకాల ప్రకటనలు ఎలా చదవాలో పోయిన పాఠంలో చూశాం. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు మనవాళ్లు చాలామంది బడిలో మరాఠీ చదువుకున్నవాళ్లే కాబట్టి అది ఎవరికీ కష్టమై ఉండదు. కష్టమంతా ఎంచుకోవడంలోనే ఉంది. శుక్రవారం సాయంత్రం ధర్మాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం పొద్దున్నే ముంబయిలో ఉంటాం. ఆదివారం రాత్రి మళ్లీ అదే బండి. మధ్యలో రెండు ఆటలు నిదానంగా చూడొచ్చు, ఉరుకులు పెడితే మూడు. నేనైతే రెండే చూడమంటాను.

ముందుగా ఏ నాటకం ఊళ్లు తిరుగుతుందో, ఏది ఒకేచోట నిలిచి ఆడుతుందో తెలుసుకోండి. మరాఠీ నాటకం ఒక హాల్లో కాపురం పెట్టదు. శనివారం దాదర్ శివాజీ మందిర్‌లో ఆడింది ఆదివారం ఠాణేలో గడ్కరీ రంగాయతన్‌లో ఉండొచ్చు, వచ్చే వారం పుణెలో ఉండొచ్చు. ఒక్కో ప్రయోగ్, అంటే ప్రదర్శన, ఒక్కో చోట. మీ తేదీన అది ముంబయిలో లేకపోతే ఇక లేనట్టే. బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో 2023 మార్చిలో తెరిచిన నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్ సంగతి వేరు. అక్కడ రెండు వేల సీట్ల హాలుంది. విదేశాల నుంచి మ్యూజికల్ వచ్చిందంటే ఆ హాల్లోనే వరసగా చాలా రోజులు ఆడుతుంది. కాబట్టి ముందు మరాఠీ ప్రయోగ్ తేదీ ఖాయం చేసుకుని, పెద్ద ఆటను దాని పక్కన సర్దుకోండి. చాలామంది పెద్దదానికి టికెట్ కొనేసి, మిగిలిన పూట ఏదో ఒకటి చూద్దామనుకుంటారు. అలా అసలైన సంగీత నాటకం చూడకుండానే వెనక్కి వచ్చేస్తారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

ఇక ఈ పాఠంలో ముఖ్యమైన సంగతికి వద్దాం. ఏ సంగీత నాటకాన్నైనా ఒకే ప్రశ్నతో తూచండి: అందులో పాట ఏం పని చేస్తోంది?

కొన్నిటిలో పాట కోసం కథ ఆగుతుంది. మన పద్యనాటకంలో పద్యం అయ్యాక నటుడు రాగం తీస్తుంటే యుద్ధం కూడా కాసేపు ఆగుతుంది, జనం వన్స్‌మోర్ అంటారు, ఆయన మళ్లీ ఎత్తుకుంటాడు. మరాఠీ సంగీత నాటకంలోనూ అంతే, అక్కడా వన్స్‌మోర్ ఉంది. మరాఠీ నాటకకర్త అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ 1880లో పుణెలో శాకుంతలం ఆడించిన నాటి నుంచి ఆ సంప్రదాయం సాగుతోంది. 1882లో ఆయనే రాసిన ‘సంగీత సౌభద్ర’ ఇప్పటికీ రంగస్థలం మీద కనబడుతూ ఉంటుంది. కథ మనకు కొట్టినపిండి. చెల్లెల్ని దుర్యోధనుడికివ్వాలని బలరాముడి పట్టు, కృష్ణుడి మాయ, సన్యాసి వేషంలో అర్జునుడు. కథ తెలిసిన నాటకంలో మాటల వెంట పరుగెత్తనక్కర్లేదు, చెవి పూర్తిగా పాట మీదే పెట్టొచ్చు. అందుకే మొదటిసారి వెళ్లేవాళ్లకు నా మొదటి ఓటు సౌభద్రకే. చిందు భాగవతం రాత్రంతా కూర్చుని చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను తప్పకుండా వెంట తీసుకెళ్లండి. వాళ్లకు మీరు వివరించాల్సిన పని ఉండదు.

ఇంకొన్నిటిలో పాటే కథ. 1967లో వచ్చిన ‘కట్యార్ కాళజాత ఘుసలీ’ రెండు ఘరానాల (హిందుస్తానీ గాన సంప్రదాయాల) గాయకుల మధ్య పంతం. పండిత్ భానుశంకర్ ఒకవైపు, ఖాన్‌సాహెబ్ మరోవైపు. అక్కడ పాటలు తీసేస్తే నాటకమే లేదు. జితేంద్ర అభిషేకీ సంగీతం, మొదట్లో ఖాన్‌సాహెబ్‌గా వసంతరావ్ దేశ్‌పాండే. హిందుస్తానీ సంగీతం కొంచెమైనా అలవాటున్నవాళ్లు దీన్ని ఎంచుకోండి. లేనివాళ్లు 2015లో వచ్చిన సినిమా ముందు చూసి వెళితే దారి దొరుకుతుంది. ‘సంగీత దేవబాభళీ’ ప్రయోగ్ ప్రకటన కనబడితే మాత్రం రెండో ఆలోచన వద్దు. సంత్ తుకారాం భార్య ఆవలి, మారువేషంలో ఆమె ఇంటికి వచ్చిన విఠలుడి భార్య రఖుమాయి, ఇద్దరే ఇద్దరు స్త్రీలు. పండరి వారీ (పండరిపురం కాలినడక యాత్ర), అభంగాలు మన ఊళ్లకు కొత్త కాదు కాబట్టి అది నేరుగా లోపలికి దిగుతుంది.

విదేశీ మ్యూజికల్స్‌లోనూ ఈ తేడా ఉంది. 2023 మేలో అదే సెంటర్‌కు వచ్చిన ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో మాటలూ పాటలూ విడివిడిగా ఉంటాయి. ఇంగ్లీషు కొద్దిగా వచ్చినా, పిల్లలు వెంట ఉన్నా ఇబ్బంది ఉండదు. 2025లో వచ్చిన ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా’ దాదాపు మొదటి నుంచి చివరి దాకా పాడుతూనే సాగుతుంది. అలాంటిదానికి కథ ముందే చదువుకోకుండా వెళ్తే దీపాలూ సెట్టింగులూ చూసి రావడమే అవుతుంది.

వీటి మధ్యలో హిందీ, ఉర్దూలో ఆడేవి ఉన్నాయి. ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ 2016లో ముంబయిలోని ఎన్‌సీపీఏ కళాకేంద్రంలో రంగస్థలానికెక్కించిన ‘మొఘల్-ఎ-ఆజమ్’ అలాంటిది. కథక్ బృందాలు, కళ్లు చెదిరే దుస్తులు ఉన్నా నటీమణులు అక్కడికక్కడే పాడతారు. నాకు అందులో నచ్చింది అదే. ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపే ఆటకు నేను నా రెండు పూటల్లో ఒకటి ఇవ్వను, మీరూ ఇవ్వకండి. అదెలా తెలుస్తుందంటారా? మరాఠీ ప్రకటనలో ఆర్గన్, తబలా సాథ్ (పక్కవాద్యం) ఎవరిదో పేర్లు వేశారేమో చూడండి. వేస్తే నమ్మొచ్చు. లేకపోతే బుకింగ్ కౌంటర్‌లో అడగండి, అందులో మొహమాటం ఏమీ లేదు.

డబ్బు మాట కూడా చెప్పాలి. పెద్ద హాల్లో చివరి వరసకు పెట్టే ధరకు మరాఠీ నాటకంలో చాలాసార్లు ముందు వరస దొరుకుతుంది. గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా కనబడేంత దగ్గర. నలుగురు వెళ్తున్నప్పుడు ఇది చిన్న లెక్క కాదు.

చివరగా ఏది ఏ రోజు? రాత్రంతా స్లీపర్‌లో వచ్చిన శనివారం సాయంత్రం కళ్లు మూతలు పడుతుంటాయి. ఆ పూటకు తెలిసిన కథే పెట్టుకోండి. భాష కొత్తది, కథ కొత్తది అయిన ఆట ఆదివారం మధ్యాహ్నానికి ఉంచండి. ఆ రోజు రాత్రి ఆట జోలికి మాత్రం పోవద్దు, బండి తప్పుతుంది. మధ్యాహ్నం ఆట ఆలస్యంగా ముగిసినా దిగులు పడకండి. దేవగిరి దాదర్‌లోనూ, ఠాణేలోనూ ఆగుతుంది కాబట్టి బండి బయల్దేరే సీఎస్‌ఎంటీ స్టేషన్ దాకా పోనక్కర్లేదు. టికెట్ తీసేటప్పుడే ఎక్కే స్టేషన్ దాదర్ అని పెట్టుకోండి.

ఈ వారం అభ్యాసం: ఈ ఆదివారం పత్రికలోని నాటకాల పేజీలో సంగీత నాటకాలు మాత్రమే గుర్తుపెట్టండి. ఒక్కోదాని పక్కన కథ మీకు తెలుసా, పాట కోసం కథ ఆగుతుందా లేక పాటే కథా, సాథ్ ఎవరు, హాలు ఏ స్టేషన్‌కు దగ్గర అన్నది రాయండి. తరువాత మీ ఇంట్లో ఎవరెవరు వస్తారో వాళ్లను దృష్టిలో పెట్టుకుని రెండిటిని మాత్రం ఉంచి, మిగతావి కొట్టేయండి. కొట్టేసినవాటి పక్కన ఎందుకు కొట్టేశారో ఒక ముక్క రాసి ఆ కాగితం దాచండి. సీటు ఎక్కడ తీసుకోవాలో చెప్పే 4వ పాఠంలో దానితో పని ఉంది.