ఇంటి కంప్యూటర్ రిపేరు, 4వ పాఠం: వీడియో ప్లేయర్ మధ్యలో మూసుకుపోతుంటే (రెండో భాగం)

పోయిన పాఠంలో విఎల్‌సి అనే వీడియో ప్లేయర్ సెట్టింగులు రీసెట్ చేయమన్నాను, అంటే మొదట్లో ఉన్నట్టు మార్చమన్నాను. చాలామంది రీసెట్ చేయకుండా విఎల్‌సినే తీసేసి మళ్ళీ వేసుకున్నారు. "కొత్తగా వేసినాను సార్, అయినా అట్లే మూసుకుంటా ఉండాది" అని పుత్తూరు నుంచి ఒకాయన రాశారు. పలమనేరు, చంద్రగిరి వాళ్ళ ప్రశ్నా ఇదే. ఈ చిక్కు విడకుండా ముందుకు పోలేం.

ప్రోగ్రామ్ ఉండేది ఒక చోట, మీ సెట్టింగులు ఉండేది ఇంకో చోట. అవి మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటాలో ఉంటాయి. విఎల్‌సి తీసేసేటప్పుడు 'డిలీట్ ప్రిఫరెన్సెస్ అండ్ కాష్' అనే చోట టిక్ పెట్టకపోతే అవి అలాగే మిగిలిపోతాయి. కొత్తగా వేసిన విఎల్‌సి వచ్చి ఆ పాతవాటినే చదువుకుంటుంది. కాబట్టి విఎల్‌సి తెరిచి కంట్రోల్, పి కలిపి నొక్కండి, ప్రిఫరెన్సెస్ అనే సెట్టింగుల పేజీ వస్తుంది, కింద రీసెట్ ప్రిఫరెన్సెస్ నొక్కండి, విఎల్‌సి మూసి తెరవండి. చాలు.

రీసెట్ సరిగ్గా చేసిన కొందరికి తెలుగు సబ్‌టైటిల్స్ బదులు ఖాళీ గడులు వస్తున్నాయి. మీరు ఎప్పుడో పెట్టుకున్న ఫాంటు కూడా రీసెట్‌తో పోయింది, అంతే. అదే ప్రిఫరెన్సెస్‌లో సబ్‌టైటిల్స్ విభాగానికి వెళ్ళి ఫాంటు నిర్మల యూఐ గానీ గౌతమి గానీ పెట్టి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. నేను నిర్మలే వాడతాను, దూరం నుంచి కూడా ఒత్తులు బాగా కనిపిస్తాయి.

ఇక నాకు నిజంగా బాధ కలిగించిన విషయం కోడెక్ ప్యాక్. కోడెక్ అంటే వీడియోను కుదించి, మళ్ళీ విప్పే పద్ధతి; వాటిని మూటగట్టి ఇచ్చేది ప్యాక్. వీడియో ఆడకపోతే చాలు, ఎవరో ఒకరు "కోడెక్ ప్యాక్ వేసుకో" అంటారు, మనం వేసేస్తాం. విఎల్‌సికి కావలసిన కోడెక్‌లు దాని లోపలే ఉంటాయి. మీరు బయట నుంచి వేసిన ప్యాక్ వైపు అది కన్నెత్తి కూడా చూడదు. ఆ ప్యాక్ మార్చేది వీడియో విప్పడానికి విండోస్ వాడుకునే ఫిల్టర్లు అనే భాగాలను. దాంతో విండోస్ మీడియా ప్లేయర్ పాడవ్వచ్చు, కొన్నిసార్లు వీడియోలున్న ఫోల్డర్ తెరిచినా చాలు, ఫైలు మీద కనిపించే చిన్న బొమ్మ (థంబ్‌నెయిల్) తయారుచేయబోయి, ఫోల్డర్లు చూపించే ఎక్స్‌ప్లోరరే మూసుకుపోతుంది. ఒక జబ్బుకు మందు వేయబోయి రెండోది తెచ్చుకున్నట్టు. రెండు ప్యాక్‌లు వేసినవాళ్ళూ ఉన్నారు, ఒకటి పనిచేయలేదని ఇంకొకటి. దయచేసి రెండూ తీసేయండి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి, ఆ తర్వాతే ఈ పాఠంలో మిగతాది చేయండి.

ఇప్పుడు అసలు పాఠం. తిరుపతి పాఠకురాలు ఒకరి ఇంట్లో పాత పెళ్ళి వీడియో చక్కగా ఆడుతోంది. గంగ జాతరలో తమ్ముడి బండ వేషాన్ని ఫోన్‌లో తీసిన వీడియో మాత్రం తెరవగానే ప్లేయర్ మూసుకుపోతోంది. ప్లేయర్ ఒకటే, కంప్యూటర్ ఒకటే. తేడా వీడియోలో ఉంది. పెళ్ళి వీడియో కోడెక్ హెచ్.264, ఫోన్ వీడియో కోడెక్ హెచ్‌ఈవీసీ. 2018లో వచ్చిన విఎల్‌సి 3.0 నుంచి వీడియో విప్పే పనిని వీలైతే గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించడం మామూలైంది. చిప్‌కు హెచ్‌ఈవీసీ రాకపోతే ఆ భారం ప్రాసెసర్ మీద పడి బొమ్మ తడబడుతుంది, ప్లేయర్ మాత్రం మూసుకుపోదు. మూసుకుపోతోందంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, అంటే ఆ చిప్‌ను విండోస్‌తో నడిపించే ప్రోగ్రామ్‌ను, అనుమానించాలి.

ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్, కోడెక్స్ విభాగానికి వెళ్ళి, హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను, అంటే చిప్‌కు పని అప్పగించడాన్ని, డిసేబుల్ చేయండి. సేవ్ చేసి విఎల్‌సి మళ్ళీ తెరవండి. ఆమె వీడియో ఇలాగే ఆడింది. ఆడుతుండగా కంట్రోల్, జె నొక్కితే అది ఏ కోడెక్కో కనిపిస్తుంది. అప్పటికీ మూసుకుపోతే వీడియో విభాగంలో అవుట్‌పుట్‌ను డైరెక్ట్3డీ9కో ఓపెన్‌జీఎల్‌కో మార్చి చూడండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు. పాత డెస్క్‌టాప్ అయితే నేను ఆ డీకోడింగ్‌ను అలా ఆపేసే ఉంచుతాను.

ప్లేయర్ ఒక్కటే కాక కంప్యూటర్ మొత్తం ఆగిపోతుంటే అది వేరే సంగతి. మన ఎండలకు ముందు ఫ్యాన్‌లో దుమ్ము చూడండి.

అభ్యాసం: స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి. విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్. ప్లేయర్ మూసుకుపోయిన సమయానికి ఎరుపు గుర్తుతో 1000 నంబరు ఎర్రర్ ఉంటుంది. అందులో ఫాల్టింగ్ మాడ్యూల్, అంటే తప్పు జరిగిన ఫైలు, పేరు చూడండి. అది ఐజీడీ అని మొదలైతే ఇంటెల్ డ్రైవర్, ఎన్‌వీ అయితే ఎన్‌విడియా, ఏటీఐ అయితే ఏఎమ్‌డీ. కనీసం మూడు క్రాష్‌లకు మాడ్యూల్ పేరు, అప్పుడు ఆడుతున్న వీడియో కోడెక్, హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉందో లేదో నోట్‌బుక్‌లో రాయండి. మూడుసార్లూ ఒకే పేరు వస్తే ఆ కంపెనీ సైట్ నుంచే కొత్త డ్రైవర్ తెచ్చుకోండి, డ్రైవర్లు అప్‌డేట్ చేస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు. వేర్వేరు పేర్లు వస్తే డ్రైవర్‌ను ముట్టుకోకుండా ఆ కాగితం పట్టుకుని రండి. వచ్చే పాఠంలో ర్యామ్ పరీక్ష చేద్దాం.