రెండు పాచికల మొత్తం, ఒక పాచికకు రెట్టింపు ఒకటి కావు
యాదృచ్ఛిక చలరాశుల (పాచికపై పడే అంకెలా అవకాశాన్ని బట్టి మారే విలువల) మొత్తాన్ని లెక్కించేటప్పుడు, రెండు వేర్వేరు విలువలను కూడుతున్నామా లేక ఒకే విలువను రెట్టింపు చేస్తున్నామా అన్నది ముందే తేల్చుకోండి. రెండు పాచికలు వేసి కూడితే 7 వచ్చే సంభావ్యత 6/36. ఒకే పాచిక వేసి, పడిన అంకెను రెట్టింపు చేస్తే 2 నుంచి 12 వరకు సరిసంఖ్యలే వస్తాయి కాబట్టి 7 ఎన్నటికీ రాదు. రెండింటికీ సగటు 7 అయినా, విస్తృతి (variance, అంటే సగటు నుంచి విలువల దూరాల వర్గాల సగటు) మొదటిదానికి 35/6, రెండోదానికి సరిగ్గా అంతకు రెట్టింపు, అంటే 35/3. నా దృష్టిలో విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తీసివేతలోనూ జాగ్రత్త అవసరం: చలరాశులు స్వతంత్రమైనవైతే (ఒకదాని విలువ మరోదానిపై ప్రభావం చూపకపోతే), వాటి భేదానికి కూడా విస్తృతులను కూడాలే తప్ప తీసివేయకూడదు, కనుక క్రమవిచలనాలు (విస్తృతుల వర్గమూలాలు) 3, 4 అయినప్పుడు భేదపు క్రమవిచలనం 1 కాదు, 9, 16ల మొత్తానికి వర్గమూలమైన 5.