మెమరీ ఖాళీ అవడం లేదా? తాడు ఎక్కడ కట్టి ఉందో చూడండి

సర్వర్‌లో మెమరీ నిండగానే మా టీమ్‌లో ఎవరో ఒకరు అనే మాట: "అన్నా, జీసీ పన్జెయ్యట్లేదు. రీస్టార్ట్ కొట్టేద్దామా?" (జీసీ అంటే గార్బేజ్ కలెక్టర్, ప్రోగ్రామ్‌కి ఇక అక్కర్లేని మెమరీని దానంతటదే ఖాళీ చేసేది.) విశాఖ రుషికొండ ఐటీ కొండ మీద జావా సర్వీసులు చూసుకుంటూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. జీసీ నిజంగా పనిచెయ్యకపోవడం మాత్రం ఇంతవరకూ చూడలేదు. పేరులో గార్బేజ్ ఉంది కాబట్టి అది చెత్తను వెతుకుతుందనుకుంటాం. అది వెతికేది బతికున్నవాటిని. మిగిలిందంతా చెత్త కింద జమ.

వేట నిషేధం రోజుల్లో, అంటే ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చూడండి. మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. జెట్టీని ఆనుకునే చోటు అన్నిటికీ చాలదు కాబట్టి ఒక బోటు జెట్టీకి, దానికి ఇంకోటి, దానికి మరోటి అలా తాళ్లతో కట్టేసి ఉంటాయి. ఇప్పుడు ఒకడు రంగు డబ్బా పట్టుకుని జెట్టీ మీంచి బయల్దేరి, తాడు ఎటు పోతే అటు బోటు మీంచి బోటు మీదకి దాటుతూ, చేరిన ప్రతిదానికీ ఒక గుర్తు పెడుతున్నాడనుకోండి. మార్కింగ్ అంటే అదే. జెట్టీ గుంజలు రూట్లు: నడుస్తున్న థ్రెడ్ల స్టాక్‌లో ఉన్న లోకల్ వేరియబుల్స్, స్టాటిక్ ఫీల్డులు, నేటివ్ కోడ్ పట్టుకున్న రిఫరెన్సులు. తాళ్లేమో ఆబ్జెక్టుల మధ్య రిఫరెన్సులు. గుర్తు పడని బోటు ఉంటే దాని చోటు ఖాళీ చేసేస్తారు. 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ కోసం చెప్పిన పద్ధతి ఇది. ఇవాళ్టి కలెక్టర్లు ఎన్ని హంగులు చేర్చుకున్నా బతికున్నవాటిని పట్టే దారి ఇదే.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ రంగు డబ్బావాడు బోటు పనికొస్తుందా లేదా చూడడు. అడుగు పుచ్చిపోయి పదేళ్లుగా వేటకెళ్లని బోటైనా సరే, తాడుంటే గుర్తు పెట్టేస్తాడు.

లక్షణం: జీసీ అయ్యాక కూడా మిగిలే మెమరీ రోజురోజుకీ పెరుగుతోంది

ముందు ఇది నిజమో కాదో తేల్చుకోండి. గ్రాఫ్ రంపం పళ్లలా పైకీ కిందికీ వెళ్లడం మామూలే. చూడాల్సింది పళ్ల అడుగు. అదీ కొత్త ఆబ్జెక్టుల్ని మాత్రమే చూసే యంగ్ జీసీ తర్వాతి అడుగు కాదు, చాలాకాలం బతికినవి ఉండే ఓల్డ్ భాగాన్ని కూడా మార్క్ చేసి శుభ్రం చేశాక మిగిలిన అంకె. ఫుల్ జీసీ (ప్రోగ్రామ్‌ని ఆపి మెమరీ మొత్తాన్ని శుభ్రం చేసేది) లాగ్‌లో 1812ఎం->940ఎం(2048ఎం) అని ఉంటే (జీసీకి ముందు, తర్వాత, బ్రాకెట్లో మొత్తం చోటు) 940 అది. ఆ అంకె సోమవారం 400, బుధవారం 650, శుక్రవారం 940 అని మెట్లెక్కుతుంటే లీకే.

కారణం: పనైపోయిన ఆబ్జెక్టుకి ఎవరో తాడు విప్పలేదు. మా దగ్గర ఆ ఎవరో నేనే. పోర్టుకెళ్లే లారీలు కాన్వెంట్ జంక్షన్ వైపు ఎంతదాకా వచ్చాయో చూపించే సర్వీసు అది. ట్రిప్ నంబరు కీగా, ఆఖరి లొకేషన్ విలువగా ఒక స్టాటిక్ మ్యాప్‌లో పెట్టాను. లారీ లోపలికెళ్లగానే ఎంట్రీ తీసేసే కోడ్ కూడా రాశాను. కానీ మధ్యలో ట్రిప్ రద్దయితే ఆ కోడ్ నడవదు. లొకేషన్ చిన్నదే కదా అనుకున్నా. లొకేషన్‌కి ట్రిప్, ట్రిప్‌కి డ్రైవర్ రికార్డు, రికార్డుకి లైసెన్స్ ఫొటో బైట్లు. ఒక్క తాడుకి వరసగా నాలుగు బోట్లు.

పరిష్కారానికి ముందు దొంగని పట్టాలి. జావాతో వచ్చే జెమ్యాప్ టూల్‌లో హిస్టో ఆప్షన్‌కి లైవ్ జోడించి గంట తేడాతో రెండుసార్లు నడిపి, ఏ క్లాసు ఆబ్జెక్టులు పెరుగుతున్నాయో పోల్చండి. లైవ్ అంటే ముందు ఫుల్ జీసీ చేయిస్తుంది, అంటే సర్వీసు కాసేపు ఆగుతుంది. పీక్ టైమ్‌లో కొట్టి మేనేజర్ చేత తిట్లు తినకండి. తర్వాత హీప్ డంప్ (ఆబ్జెక్టులుండే మెమరీయే హీప్, దాని పూర్తి కాపీ) తీసి ఎక్లిప్స్ మెమరీ ఎనలైజర్‌లో తెరవండి. (ఆ డంప్‌లో ఫోన్ నంబర్లు, ఫొటోలు అన్నీ ఉంటాయి. వాట్సాప్ గ్రూపులో పడెయ్యడం లాంటివి చెయ్యొద్దు.) అందులో షాలో, రిటైన్డ్ అని రెండు లెక్కలుంటాయి. షాలో అంటే ఆబ్జెక్టు సొంత బరువు. రిటైన్డ్ అంటే దాన్ని వదిలేస్తే దాంతో పాటు మొత్తం ఎంత ఖాళీ అవుతుందో ఆ లెక్క. మామూలు 64 బిట్ జేవీఎంలో (జావా ప్రోగ్రామ్‌ని నడిపేది) హ్యాష్‌మ్యాప్ సొంత బరువు 48 బైట్లే, దాని వెనకాల గిగాబైట్లు వేలాడుతుండొచ్చు. కాబట్టి రిటైన్డ్ ప్రకారం సార్ట్ చేసి, పైనున్నదాని మీద జీసీ రూట్ల దాకా దారి చూపించమనండి. వీక్, సాఫ్ట్ రిఫరెన్సులు (జీసీ కావాలంటే తెంపెయ్యగల బలహీనమైన తాళ్లు) వదిలేయమని చెప్పడం మర్చిపోవద్దు, లేకపోతే దారి తప్పుతారు. నా కేసులో ఆ దారి చివర నా క్లాసు పేరే కనిపించింది. ఆ మధ్యాహ్నమంతా లైబ్రరీ వాళ్లని తిట్టుకుంటూ కూర్చున్నాను మరి.

ఎంట్రీ తీసే పనిని ట్రిప్ ముగిసే అన్ని దారుల్లోనూ పెట్టాను, పైగా మ్యాప్ బదులు సైజుకీ వయసుకీ హద్దున్న క్యాష్ వాడాను. మ్యాప్ కాకపోతే తరచూ దొరికే ఇంకో దోషి థ్రెడ్‌లోకల్, అంటే ఒక్కో థ్రెడ్ తనకంటూ విడిగా దాచుకునే విలువ. థ్రెడ్ పూల్‌లో థ్రెడ్ చావదు, చావని థ్రెడ్ ఒక రూటు, అది పట్టుకున్న విలువ కూడా చావదు. ఫైనల్లీ బ్లాకులో రిమూవ్ పిలవండి. లిజనర్లకీ (ఏదైనా జరిగితే చెప్పమని రిజిస్టర్ చేసే ఆబ్జెక్టులు) అంతే, రిజిస్టర్ చేసినవాడే విప్పాలి.

ఇక్కడ రెండు తప్పుదారులున్నాయి. "రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, అందుకే పోవట్లేదు" అంటారు. రెండు బోట్లు ఒకదానికొకటి కట్టేసి, జెట్టీ తాడు తెగితే రెండూ కలిసే కొట్టుకుపోతాయి. ఆ ఇబ్బంది ఒక్కో ఆబ్జెక్టుకి ఎన్ని తాళ్లున్నాయో లెక్కపెట్టే రిఫరెన్స్ కౌంటింగ్‌ది. పైథాన్ ఆ లెక్కనే నమ్ముకుంటుంది కాబట్టి, 2000లో వచ్చిన 2.0 నుంచి ఇలాంటి చక్రాల్ని పట్టే జీసీని విడిగా పెట్టుకుంది. రెండోది, "వీక్‌హ్యాష్‌మ్యాప్ పెట్టేస్తే సరిపోద్ది కదా" అనడం. అది కీని వీక్ రిఫరెన్స్‌తో పట్టుకునే మ్యాప్. విలువ లోపలి నుంచి కీకి గట్టి రిఫరెన్స్ ఉంటే ఆ ఎంట్రీ ఎప్పటికీ పోదు.

లక్షణం: హీప్ పెద్దగా నిండలేదు, అయినా ఫుల్ జీసీకి సెకన్లు పడుతోంది

రంగు డబ్బావాడి టైమంతా బతికున్న బోట్ల మీద తిరగడానికే. చెత్త ఎంతున్నా మార్కింగ్‌కి దాంతో పనిలేదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆబ్జెక్టులెన్ని, తాళ్లెన్ని అన్నదే లెక్క. 500 ఎంబీ బైట్ అరే ఒక్క ఆబ్జెక్టు, లోపల తాళ్లే లేవు, ఒక గుర్తు పెట్టి ముందుకెళ్లిపోతాడు. అదే 500 ఎంబీ చిన్న చిన్న నోడ్లయితే ఒక్కో గంతుకీ ప్రాసెసర్ మెమరీ కోసం ఎదురుచూడాలి. లింక్డ్ లిస్ట్ అయితే మరీ ఘోరం. ఒకే వరసలో కట్టిన పొడుగాటి బోట్ల గొలుసు మీద పదిమంది డబ్బాలు పట్టుకు దిగినా నడవగలిగేది ఒక్కడే. మిగతావాళ్లకి తర్వాతి తాడు ఎక్కడుందో కూడా తెలీదు.

పరిష్కారం డేటాను చదును చెయ్యడం. ఇంట్ అయితే 4 బైట్లు. ఇంటీజర్ ఆబ్జెక్టుగా పెడితే దానికి 16, దాన్ని చూపే రిఫరెన్స్‌కి ఇంకో 4, పైగా మార్కింగ్‌కి ఒక గంతు. పెద్ద పట్టికలుంటే ప్రిమిటివ్ అరేలు వాడండి, లింక్డ్ లిస్ట్ తీసి అరే లిస్ట్ పెట్టండి. హీప్ సైజు పెంచితే జీసీ అరుదుగా వస్తుంది, వచ్చినప్పుడు పడే టైము మాత్రం తగ్గదు. 32 జీబీ దాటించారో, రిఫరెన్సులు 4 బైట్ల నుంచి 8 అయి పెంచిన చోటులో కొంత వాటికే పోతుంది.

లక్షణం: జీ1 లాగ్‌లో టు-స్పేస్ ఎగ్జాస్టెడ్, వెంటనే ఫుల్ జీసీ

జావా 9 నుంచి సర్వర్లలో డిఫాల్ట్ కలెక్టర్ జీ1. ఇది ఓల్డ్ భాగం మార్కింగ్‌లో చాలా మటుకు ప్రోగ్రామ్ నడుస్తుండగానే చేస్తుంది. అంటే రంగు వేస్తుండగానే సరంగులు తాళ్లు విప్పి వేరే బోట్లకి కడుతూ ఉంటారు. ప్రమాదం ఇక్కడే. 1978లో డైక్‌స్ట్రా, ల్యాంపోర్ట్ మరో ముగ్గురితో కలిసి రాసిన పేపర్‌లో దీన్ని మూడు రంగులతో చెప్పారు: ఇంకా చూడనిది తెలుపు, చేరాం గానీ దాని తాళ్లు చూడలేదంటే బూడిద, తాళ్లతో సహా చూసేస్తే నలుపు. నల్ల బోటుకి ఎవరో తెల్ల బోటుని కట్టి, బూడిద బోటు నుంచి దానికున్న తాడు విప్పేస్తే, బతికున్న ఆ తెల్ల బోటు ఎవరి కంటా పడదు. అందుకే రిఫరెన్స్ మారే ప్రతిచోటా రైట్ బ్యారియర్ అనే చిన్న కోడ్ కాపలా ఉంటుంది. జీ1 అయితే విప్పేసిన పాత తాడు చివరున్నదాన్ని రాసిపెట్టుకుని, మార్కింగ్ మొదలైన క్షణంలో బతికున్నదంతా బతికున్నట్టే లెక్కేస్తుంది. దీనివల్ల మధ్యలో చచ్చినవి కూడా ఆ విడతకి బతికిపోతాయి. ఒక్క సైకిల్‌లో మెమరీ పోలేదని కంగారుపడొద్దని అందుకే అంటాను.

టు-స్పేస్ ఎగ్జాస్టెడ్ అంటే బతికున్నవాటిని కాపీ చెయ్యడానికి ఖాళీ రీజియన్ (జీ1 హీప్‌ని కోసుకునే సమాన ముక్క) మిగల్లేదని. తరచూ కారణం, మార్కింగ్ పూర్తయ్యేలోపే కొత్త ఆబ్జెక్టులు చోటు తినెయ్యడం. మార్కింగ్ ముందే మొదలయ్యేలా చూడండి: మొదలుపెట్టే గీటు మామూలుగా హీప్‌లో 45 శాతం, జీ1 దాన్ని తనే సర్దుకుంటుంది గానీ, లోడు ఒక్కసారిగా ఎగిరే సర్వీసుల్లో ఆ సర్దుబాటు ఆలస్యమవుతుంది. కంకరెంట్ థ్రెడ్లు పెంచి చూడండి. లాగ్‌లో హ్యూమంగస్ అన్న మాట పదేపదే కనిపిస్తే, ఏదో ఆబ్జెక్టు రీజియన్‌లో సగం దాటుతోందని. రీజియన్ సైజు పెంచండి, ఇంకా మంచిది ఆ పెద్ద అరేని ముక్కలు చెయ్యడం.

గో భాషలో ఇదే జబ్బు వేరే రూపంలో వస్తుంది: ఫుల్ జీసీ ఉండదు, మీ గోరౌటీన్లే (గోలో తేలికపాటి థ్రెడ్లు) మార్కింగ్‌కి సాయం చెయ్యాల్సొచ్చి నెమ్మదిస్తాయి. 2022లో వచ్చిన మెమరీ లిమిట్‌ని బతికున్న డేటా కంటే తక్కువ పెడితే జీసీ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

లక్షణం: ఆగిన సమయం ఎక్కువ, సీపీయూ వాడింది తక్కువ

లాగ్‌లో యూజర్ 0.4, రియల్ 9 సెకన్లని కనిపిస్తే మొదట స్వాప్ (ర్యామ్ చాలక మెమరీ పేజీల్ని డిస్కులోకి తోసెయ్యడం) చూడండి. మార్కింగ్ బతికున్న ప్రతి ఆబ్జెక్టునీ ముట్టుకుంటుంది, కాబట్టి డిస్కులోకి పోయిన పేజీలన్నీ వెనక్కి రావాలి. హీప్ తగ్గించండి, లేదా ఆ మెషీన్ మీద ఇంకేం నడుస్తోందో కనుక్కుని దింపెయ్యండి. స్వాప్ లేకపోతే సేఫ్‌పాయింట్ (జీసీ కోసం థ్రెడ్లన్నీ ఆగాల్సిన చోటు) లాగ్ చూడండి. ఒక్క థ్రెడ్ పెద్ద లూపులో ఉండి ఆగకపోతే, దాని కోసం మిగతావన్నీ రైల్వే గేటు దగ్గర బళ్లలా నిలబడతాయి.

లక్షణం: ఆబ్జెక్టులకి తాడు లేదు, అయినా వెంటనే పోవడం లేదు

ఫైనలైజ్ మెథడ్ (ఆబ్జెక్టు పోయేముందు నడిచే కోడ్) ఉందేమో చూడండి. దాన్ని నడపడానికి ఆ ఆబ్జెక్టుని మళ్లీ బతికిస్తారు, పోవడానికి కనీసం రెండు విడతలు పడుతుంది. జావా 9లోనే దాన్ని వాడొద్దన్నారు. తీసేసి ట్రై-విత్-రిసోర్సెస్ (పనవ్వగానే రిసోర్స్‌ని తనే క్లోజ్ చేసే జావా బ్లాకు) పెట్టండి.

లక్షణం: హీప్ సగమే నిండింది, కంటైనర్ మాత్రం చచ్చిపోయింది

ఇది జీసీ సంగతి కాదు. డైరెక్ట్ బఫర్లు, థ్రెడ్ స్టాకులు, క్లాసుల వివరాలుండే మెటాస్పేస్ హీప్ బయట ఉంటాయి. డైరెక్ట్ బఫర్లకి హద్దు పెట్టకపోతే అవి హీప్ గరిష్ఠ సైజంత దాకా పెరగొచ్చు. నేటివ్ మెమరీ ట్రాకింగ్ ఆన్ చేసి రీస్టార్ట్ చెయ్యండి, ఈ ఒక్కచోట రీస్టార్ట్‌కి నేను అడ్డు చెప్పను.