వెబ్‌లాజిక్‌లో డీబీ అడాప్టర్‌ను తాకే ముందు

లైవ్ సర్వర్‌లో డేటాబేస్ అడాప్టర్‌కు (అప్లికేషన్‌ను డేటాబేస్‌తో కలిపే భాగానికి) కొత్త కనెక్షన్ చేర్చడం పది నిమిషాల పనే గాని, ఆ పది నిమిషాల్లో దొర్లిన తప్పు చాలాసార్లు మర్నాడు లోడ్ పెరిగాక గాని బయటపడదు. ఒరాకిల్ ఎస్ఓఏ సూట్‌ను (వేర్వేరు అప్లికేషన్లను కలిపే సాఫ్ట్‌వేర్‌ను) మోస్తున్న వెబ్‌లాజిక్ సర్వర్‌లో ఇలాంటి మార్పు తలపెట్టినవారు ముందుగా చూసుకోవలసిన విషయాలు ఇవి.

అప్లికేషన్‌కూ డేటాబేస్‌కూ మధ్య పేర్ల గొలుసు ఒకటి ఉంటుంది. కాంపోజిట్‌లోని (ఎస్ఓఏ అప్లికేషన్‌లోని) జేసీఏ ఫైలు, అంటే అడాప్టర్ సెట్టింగుల ఫైలు, అడాప్టర్ కనెక్షన్ పూల్‌ను (కనెక్షన్ల సమూహాన్ని) ఈఐఎస్‌తో మొదలయ్యే పేరుతో వెతుకుతుంది. ఆ పూల్ తన వంతుగా జేడీబీసీతో మొదలయ్యే డేటా సోర్స్ (డేటాబేస్ చిరునామా, లాగిన్ వివరాలు ఉండే అమరిక) పేరును పట్టుకుంటుంది. డేటా సోర్స్ డేటాబేస్ యూజర్‌గా లాగిన్ అవుతుంది. ఈ పేర్లు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో కాన్ఫిగర్ చేసేటప్పుడు ఎవరూ సరిచూడరు, మొదటి కాల్ వచ్చినప్పుడే తెలుస్తుంది. పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడాను కూడా సర్వర్ పట్టించుకుంటుంది కనుక పేర్లను చేత్తో టైపు చేయకుండా కాపీ చేసి అతికించడం మేలు. డేటా సోర్స్‌ను నిర్వహణకు వాడే అడ్మిన్ సర్వర్‌కు మాత్రమే టార్గెట్ చేసి (కేటాయించి), అప్లికేషన్లు నడిచే మేనేజ్డ్ సర్వర్లను మరచిపోవడం కూడా ఈ కోవలోదే.

వెబ్‌లాజిక్ 12c కన్సోల్‌లో (సర్వర్‌ను నిర్వహించే వెబ్ పేజీల్లో) ఒక చిన్న వల ఉంది. అవుట్‌బౌండ్ కనెక్షన్ పూల్ ప్రాపర్టీల పట్టికలో విలువను టైపు చేశాక ఎంటర్ కొట్టాలి, ఆ తర్వాతే సేవ్ నొక్కాలి. ఎంటర్ కొట్టకుండా సేవ్ చేస్తే టైపు చేసిన విలువ నిలవదు, తప్పు జరిగిందన్న సందేశం కూడా రాదు. నేను ఒకసారి ఇలాగే సేవ్ చేసి, గడి ఖాళీగా ఉందన్న సంగతి గమనించకుండా, నెట్‌వర్క్‌ను అనుమానిస్తూ దాదాపు రెండు గంటలు వృథా చేశాను. అప్పటినుంచి సేవ్ చేసిన పేజీని వదిలి వెళ్లి, మళ్లీ తెరిచి, విలువను కళ్లారా చూశాకే ముందుకు కదులుతున్నాను.

ఆ పట్టికలోనే అన్నిటికన్నా జాగ్రత్తగా నింపవలసిన గడులు రెండున్నాయి: ఎక్స్ఏ డేటా సోర్స్ (పలు వ్యవస్థల్లోని మార్పులను ఒకే గ్లోబల్ ట్రాన్సాక్షన్‌గా కలపగలిగేది) పేరు, మామూలు డేటా సోర్స్ పేరు. వీటిలో ఒకదాన్నే నింపి రెండోదాన్ని ఖాళీగా ఉంచాలి. ఎక్స్ఏ గడిలో పేరు ఉంటే, కమిట్ (మార్పులను ఖాయం చేసే) బాధ్యత సర్వర్ ట్రాన్సాక్షన్ మేనేజర్‌దేనని అడాప్టర్ నమ్ముతుంది. అక్కడ గ్లోబల్ ట్రాన్సాక్షన్లకు సంబంధం లేని లోకల్ డేటా సోర్స్ పేరు పెడితే, పనులన్నీ సజావుగా సాగినంతకాలం లోపం కనబడదు. మధ్యలో ఒక అడుగు విఫలమైన రోజున హెడర్ వరుస (ఆర్డర్ వంటిది) డేటాబేస్‌లో నిలిచిపోయి, దాని లైన్ వరుసలు (ఆ ఆర్డర్‌లోని వస్తువుల వంటివి) లేకుండా పోతాయి. ఇది సర్వర్ ఆగిపోవడం కంటే ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే ఆగిన సర్వర్ అందరికీ కనిపిస్తుంది, సగం రాసిన డేటా ఎవరికీ కనిపించదు. అందుకే టెస్ట్ సర్వర్‌లో కావాలని ఒక అడుగును విఫలం చేసి, ముందటి ఇన్‌సర్ట్ రోల్‌బ్యాక్ అయిందో (రద్దయిందో) లేదో చూడకుండా లైవ్‌కు వెళ్లకూడదు.

ఎక్స్ఏ వాడుతుంటే టైమౌట్ల వరుస కూడా చూడాలి. వెబ్‌లాజిక్‌లో జేటీఏ టైమౌట్ (ఒక ట్రాన్సాక్షన్ ముగియవలసిన గడువు) మామూలుగా 30 సెకన్లు, ఒరాకిల్ డేటాబేస్‌లో డిస్ట్రిబ్యూటెడ్ లాక్ టైమౌట్ (లాక్ అయిన డేటా కోసం అలాంటి ట్రాన్సాక్షన్ ఎదురుచూసే గడువు) 60 సెకన్లు. మొదటిది ఎప్పుడూ రెండోదాని కన్నా తక్కువగానే ఉండాలి కనుక జేటీఏ విలువను పెంచదలచినవారు డేటాబేస్ నిర్వాహకులతో ముందే మాట్లాడుకోవాలి.

పూల్ పరిమాణం ఒక్కో సర్వర్‌కు విడివిడిగా వర్తిస్తుంది. గరిష్ఠ సామర్థ్యం 15 అని పెట్టి నాలుగు మేనేజ్డ్ సర్వర్లకు టార్గెట్ చేస్తే డేటాబేస్‌కు తగిలేవి 60 సెషన్లు. ఆ లెక్క డేటాబేస్ ప్రాసెసెస్ పరిమితిలో ఇమడకపోతే ప్రాసెస్‌ల సంఖ్య పరిమితి దాటిందన్న ఓఆర్ఏ-00020 ఎర్రర్ ఎదురవుతుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉండి ఖాళీగా ఉన్న కనెక్షన్లను చప్పుడు లేకుండా తెంచేస్తుంటే, కనెక్షన్‌ను అప్పగించే ముందు పరీక్షించే టెస్ట్ ఆన్ రిజర్వ్ సౌకర్యాన్ని తప్పక ఆన్ చేయాలి.

పాస్‌వర్డ్ మార్పు విషయంలో క్రమం ముఖ్యం. ఒరాకిల్ డిఫాల్ట్ ప్రొఫైల్‌లో పాస్‌వర్డ్ గడువు 180 రోజులు, తప్పు ప్రయత్నాల పరిమితి 10. డేటాబేస్‌లో పాస్‌వర్డ్ మారి డేటా సోర్స్‌లో మారకపోతే, అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్లు పనిచేస్తూనే ఉంటాయి. కొత్తవి తెరవబోయిన పూల్ మాత్రం పాత పాస్‌వర్డ్‌తోనే మళ్లీ మళ్లీ ప్రయత్నించి, ఓఆర్ఏ-28000 (ఖాతా లాక్ అయిందన్న ఎర్రర్)తో ఖాతాకు తానే తాళం వేయిస్తుంది. డేటా సోర్స్‌ను సస్పెండ్ చేసి, రెండు చోట్లా పాస్‌వర్డ్ మార్చాకే తిరిగి నడపాలి.

అడాప్టర్ ప్రైమరీ కీ విలువలను (ప్రతి వరుసను గుర్తించే నంబర్లను) డేటాబేస్‌లో వరుస నంబర్లిచ్చే సీక్వెన్స్ నుంచి తీసుకుంటుంటే, సీక్వెన్స్ ప్రీఅలొకేషన్ సైజు (ఒక్కసారిగా తీసుకునే నంబర్ల సంఖ్య) మామూలుగా 50 ఉంటుంది. డేటాబేస్ సీక్వెన్స్ ఇంక్రిమెంట్ (ఒక్కోసారి పెరిగే మొత్తం) కూడా అంతే ఉండాలి. ఇంక్రిమెంట్ 1గా ఉన్న కొత్త సీక్వెన్స్ అయితే వెంటనే ఎర్రర్ వస్తుంది, అది అదృష్టమే. అప్పటికే లక్షల్లోకి చేరిన సీక్వెన్స్ అయితే ఎర్రర్ లేకుండానే వాడేసిన నంబర్లు తిరిగి చేతికొస్తాయి.

చివరగా ప్లాన్ ఫైలు, అంటే అడాప్టర్ డిప్లాయ్‌మెంట్ సెట్టింగుల ఫైలు. కన్సోల్‌లో అడాప్టర్‌కు చేసిన మార్పులన్నీ అందులోకే చేరతాయి కనుక మొదలుపెట్టే ముందు దాని ప్రతిని తేదీ పేరుతో దాచుకోవాలి. క్లస్టర్‌లోని ప్రతి యంత్రానికీ అదే పాత్‌లో అది అందుబాటులో ఉండాలి. షేర్డ్ డిస్క్ లేకపోతే చేత్తో కాపీ చేయక తప్పదు. డిప్లాయ్‌మెంట్స్‌లో అడాప్టర్‌ను అప్‌డేట్ చేశాక ఒక్క సర్వర్‌లో పరీక్షించి ఊరుకోకుండా, రిక్వెస్ట్‌లను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలన్సర్‌ను పక్కనపెట్టి ప్రతి మేనేజ్డ్ సర్వర్‌కూ నేరుగా ఒక్కో రిక్వెస్ట్ పంపి, పట్టికలో ఆ వరుసలు వచ్చాయో లేదో లెక్కపెట్టి, ఆ తర్వాత వాటిని తొలగించాలి.