పాత లగ్జరీ ఎలక్ట్రిక్ కారు ఎక్కడ కొనాలి: వరంగల్ వాసులకు జాగ్రత్తలు

ధర చూసే ముందు, రిపేరు వస్తే బండి ఎక్కడికి పోవాలో తేల్చుకోండి. హైవోల్టేజ్ బ్యాటరీ పనిని మామూలు మెకానిక్ చేయలేడు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు దాదాపు 150 కిలోమీటర్లు కాబట్టి, ఆ బ్రాండుకు అక్కడ అధీకృత సర్వీస్ సెంటర్ ఉందో లేదో, బండి ఆగిపోతే ఎత్తుకెళ్లే సదుపాయం వరంగల్ దాకా వర్తిస్తుందో లేదో ముందే అడగాలి.

నా సలహా అయితే, ధర కొంత ఎక్కువైనా కంపెనీ డీలరు తనిఖీ చేసి వారంటీతో అమ్మే బండినే తీసుకోవడం మేలు. బ్యాటరీ వారంటీ చాలా బ్రాండ్లలో 8 ఏళ్లు ఉంటుంది; అందులో ఎంత మిగిలిందో, రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోవాలి.

నేరుగా యజమాని దగ్గర కొంటున్నట్లయితే, బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలిందో తెలిపే రిపోర్టును అధీకృత సర్వీస్ సెంటర్‌లో తీయించండి. డాష్‌బోర్డు చూపే రేంజ్‌ను (ఒక్క ఛార్జింగుతో పోగల దూరాన్ని) మాత్రమే నమ్మవద్దు. బండిని లిఫ్టుపై ఎత్తించి, అడుగున బ్యాటరీ పెట్టెకు సొట్టలు, లోతైన గీతలు ఉన్నాయేమో, ఛార్జింగ్ పోర్టు పిన్నులు నల్లబడ్డాయేమో టార్చి వేసి చూడాలి. ఏసీ (నెమ్మది), డీసీ (వేగవంతమైన) ఛార్జింగులు రెండూ మీ కళ్లముందే పెట్టించాలి.

ఆర్సీపై బ్యాంకు అప్పు ఉంటే ఫారం 35 (అప్పు తీరిందని, బండిపై బ్యాంకు హక్కు తొలగించాలని తెలిపే పత్రం), వేరే రాష్ట్రపు బండికి ఫారం 28 ఎన్‌ఓసీ (ఆ రాష్ట్ర రవాణా శాఖ నిరభ్యంతర పత్రం) లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి. పాత యజమాని తన మొబైల్ యాప్ ఖాతా నుంచి కారును తొలగించిన తర్వాతే మిగతా డబ్బు చెల్లించండి.