మీ గుంటలు (పిల్లలు) ఎవర్ని చూసి నేర్చుకుంటన్నారో కనిపెట్టి, దాన్ని వాడుకోడం ఎలా

మా శ్రీకాకుళం సైడు ఏ ఇంటికెళ్లినా ఒకటే కంప్లైంట్, "ఎన్నిసార్లు చెప్పినా ఈ గుంటడు వినడండీ" అని. ముందు ఆ చెప్పడం కొంచెం తగ్గించీండి. చిన్నపిల్లలకి చెవిలో పడ్డదాని కన్నా కంట్లో పడ్డది బాగా ఎక్కుతాది, అందుకే ఏ అలవాటు మార్చాలన్నా మాన్పించాలన్నా పొద్దున్న లేచిన కాడ్నుంచి వాళ్లు ఏటి చూస్తన్నారు అన్న దగ్గర్నుంచి మొదలెట్టాలి.

మొదటి వారం ఏమీ దిద్దకండి, ఊరికే చూడండి. ముఖ్యంగా ఆటలు చూడండి, బొమ్మకి అన్నం పెడుతున్నప్పుడు, టీచర్ ఆట ఆడుతున్నప్పుడు వాళ్ల నోట్లోంచి ఎవరి గొంతు వస్తందో మీకే తెలిసిపోతాది (చాలా ఇళ్లల్లో మొదటి రోజే తల దించుకోవాల్సి వస్తాది, పర్లేదు). మా వీధిలో ఒక మూడేళ్ల పాప అరుగు మీద కూర్చుని ఈనెపుల్ల ముక్క నోట్లో పెట్టుకుంది, పెట్టుకోడం కూడా తిరగేసి, అంటే నిప్పుండాల్సిన కొస లోపలికి. మన తీరం ఊళ్లల్లో ముసలమ్మలు చుట్ట వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు కదా, అదన్నమాట. రెండు పీల్పులు పీల్చి, పుల్ల బయటికి తీసి, లేని బూడిద చిటికేసి దులిపి మళ్లీ నోట్లో పెట్టుకుంది. ఈ పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఈ అడ్డపొగతో అంగిట్లో కేన్సర్ వస్తాదని డాక్టర్లు ఎన్నాళ్లనుంచో మొత్తుకుంటన్నారు, అది తెలిసిన ఇల్లే అది, అయినా ఆ పుల్ల చూసి అందరూ పడీపడీ నవ్వారు, పాప ఇంకో మూడుసార్లు చేసింది. ఆ నవ్వే దానికి కూలి.

ఇది మన వీధి సంగతే కాదు. 1961లో అమెరికాలో ఆల్బర్ట్ బండూరా అని ఒక సైకాలజిస్టు, స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ నర్సరీలోని 72 మంది పిల్లల్ని తీసుకుని వాళ్లలో కొందరి ముందు ఒక పెద్ద మనిషి చేత గాలి బొమ్మని కొట్టించాడు, బోబో బొమ్మ అంటారు, కొడితే పడి మళ్లీ లేచి నిలబడతాది చూడండి, అది. సుత్తితో కొట్టడం, పైకెక్కి కూర్చుని ముక్కు మీద గుద్దడం, కొడుతూ తిట్టడం. తర్వాత పిల్లల్ని ఆ బొమ్మ ఉన్న గదిలో వదిలితే, చాలామంది అవే దెబ్బలు అలాగే కొట్టారు, అవే మాటలన్నారు. చూడని పిల్లల్లో ఎక్కువమంది అలా చెయ్యలేదు. ఇక్కడ మనకి పనికొచ్చే పాయింటేటంటే, తమ్ముణ్ని కొట్టాడని పెద్దోడికి ఒక్కటి వేసి "కొట్టకూడదు తెలిసిందా" అంటాం కదా, అందులో వాడికి కనిపించింది దెబ్బే. కోపం వచ్చినప్పుడు పెద్దోళ్లు ఇలా చేస్తారన్నమాట అనుకుంటాడు. దానికి బదులు చెయ్యి పట్టుకుని ఆపండి, గొంతు తగ్గించండి, తమ్ముడి దగ్గర కూర్చుని ఎక్కడ తగిలిందిరా నాన్నా అని వాడి ముందే అడగండి. మీకు పట్టరాని కోపం వస్తే "నాకు కోపంగా ఉంది, మంచినీళ్లు తాగొస్తాను" అని పైకి అని మరీ లేచెళ్లండి, కోపాన్ని ఏటి చెయ్యాలో వాడు చూడాలి కాబట్టి.

బూతుల విషయం మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ దీనికే కంగారు పడతారు. బండూరానే 1965లో ఇంకోటి చేశాడు. ఈసారి బొమ్మని కొట్టిన మనిషిని సినిమాలో చూపించి, కొంతమంది పిల్లలకి అతనికి శిక్ష పడినట్టు, కొంతమందికి మెచ్చుకున్నట్టు చూపించాడు, ఇంకొంతమందికి శిక్షా మెప్పూ ఏదీ లేకుండా చూపించాడు. శిక్ష చూసిన పిల్లలు తక్కువ కాపీ కొట్టారు, బాగానే ఉంది. కానీ తర్వాత "అతను చేసినవి చేసి చూపిస్తే స్టిక్కర్లు, జ్యూస్ ఇస్తాం" అన్నారు, అంతే, తేడా పోయింది, శిక్ష చూసినోళ్లకీ మిగతావాళ్లకి గుర్తున్నంతా గుర్తుంది! అంటే భయపెడితే బయటికి రాదు గానీ లోపల ఉండనే ఉంటాది. కాబట్టి నాలుగేళ్లోడు ఆటో స్టాండులో విన్న మాట చుట్టాల ముందు అనీసినప్పుడు నవ్వకండి, ఉలిక్కిపడకండి, వాతలు పెడతానని అరవకండి, మొహం మామూలుగా పెట్టి ఆ టైంలో అనదగ్గ మాట మీరే అనీండి, "అబ్బా, దెబ్బ తగిలిందా, అయ్యో అనమ్మా" అని. ఎవరూ పట్టించుకోని మాట మెల్లగా పడిపోతాది. ఇంట్లో మావయ్యో చిన్నాన్నో అదే మాట రోజూ ఫోన్లో అంటూ ఉంటే మాత్రం ముందు ఆయనతో మాట్లాడుకోవాలి, గుంటడి మీద పడి లాభం లేదు.

ఇప్పుడు కావాలని ఒకటి నేర్పించాలనుకోండి, తిన్న కంచం తీసి పెట్టడం అనుకుందాం. టీవీ ఆపీండి, ఎందుకంటే వాడు అసలు చూడకపోతే ఏమీ అవ్వదు. వాడి పక్కనే కూర్చుని తినండి. తిన్నాక మీ కంచం తియ్యండి, మామూలు కన్నా నెమ్మదిగా, రెండు చేతుల్తో, "కంచం తీస్తన్నాను, తూములో పెడతన్నాను" అని రోజూ అవే మాటలు అంటూ. ఆ మాటలే రేపు వాడికి గుర్తు చేస్తాయి. తర్వాత వాడి కంచం వాడికిచ్చీండి, చిన్న స్టీలుది, తేలికది, అంచు ఉన్నది. మన ఇంటి ఇత్తడి కంచం ఇచ్చి మొయ్యలేదని తిడితే ఎలా? చోడంబలి కారిపోతాది, కారనీండి, పాత గుడ్డ పక్కన పెట్టుకుని తుడవడం కూడా మీరే చూపించండి. అయిపోయాక "మన కంచాలు రెండూ తూములో పెట్టీసాం" అంటే చాలు, చాక్లెట్ అక్కర్లేదు, రేపు చాక్లెట్ ఇస్తేనే తీస్తానంటాడు.

చూపించే పనిలో అనవసరమైనవి ఉంటే ముందే తీసీండి, ఇది చాలామందికి తట్టదు. 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ అని ఇద్దరు చింపాంజీలకి, మూడు నాలుగేళ్ల పిల్లలకి ఒక పెట్టెలోంచి బహుమతి తియ్యడం చూపించారు, మధ్యలో ఉత్తుత్తి స్టెప్పులు కలిపి. పెట్టె లోపలంతా కనిపించేలా అద్దం పెట్టెలా ఉన్నప్పుడు చింపాంజీలు ఆ ఉత్తుత్తివి వదిలీసి నేరుగా బహుమతి తీసుకున్నాయి, మన పిల్లలు మాత్రం అవి కూడా చేశారు. అంటే మీరు సబ్బు రాసుకునేంతసేపూ కుళాయి వదిలీస్తే వాడి లెక్కలో చేతులు కడుక్కోడమంటే కుళాయి వదిలీడం కూడా. ఫోను కూడా ఇంతే, ముద్ద ముద్దకీ మీరు ఫోను చూస్తే అన్నం తినే పద్ధతే అదనుకుంటాడు, తినేటప్పుడు ఇంట్లో అందరి ఫోన్లూ బీరువా మీద పెట్టీండి, మావయ్యది కూడా.

ఉమ్మడి ఇల్లయితే ఒక లాభం ఉంది. చిన్నది మీకన్నా పెద్దప్పని ఎక్కువ చూస్తాది, అందుకే ఏదైనా ముందు పెద్దదానికి నేర్పీండి, చిన్నదానికి మీరు చెప్పక్కర్లేదు. పొందూరులో ఖద్దరు నూలు వడికే ఇళ్లల్లో ఇది కనిపిస్తాది, వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం పుస్తకం చూసి వచ్చే పని కాదు, అమ్మ పక్కన కూర్చుని చూడాల్సిందే.

చివరగా ఒకటి, ఇది సీరియస్. ఏడాది దాటేసరికి మామూలుగా టాటా చెప్తారు, చప్పట్లు కొడితే కొడతారు, ఏడాదిన్నరకి మీరు ఊడుస్తుంటే చీపురు లాక్కుని ఊడవబోతారు. మీ పిల్ల ఇలాంటివి ఏవీ చెయ్యకపోతే, పేరు పెట్టి పిలిచినా తిరక్కపోతే "మా వాళ్ల ఇంట్లో అందరూ లేటే" అని మామ్మ అన్నమాట పట్టుకుని కూర్చోకండి. అంగన్‌వాడీ టీచర్‌కి గానీ ఏఎన్ఎంకి గానీ చెప్పండి, ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యానికి గవర్నమెంటు స్కీము ఉంది, అందులో ఎదుగుదల చెకప్ ఫ్రీగానే చేస్తారు, చెవులు కూడా టెస్ట్ చెయ్యమని మీరే అడగండి.